పాత తపాలా బిళ్లలు: అసలు, నకలు

పాత యిండ్లలోని భోషాణములను తెఱచినప్పుడు భూమి దస్తావేజులతోను, జాతక చక్రములతోను పాటు ఉత్తరముల కట్ట యొకటి తఱచుగా బయటపడుచుండును. విశాఖపట్టణము, అనకాపల్లి, పరవాడ, భీమునిపట్టణము ప్రాంతములనుండి తాతముత్తాతల కాలమున పెక్కుమంది ఓడలెక్కి రంగూనునకు పోయి, అచట కూలినాలి చేసి, ఇంటికి జాబులు వ్రాయుచుండిరి. అట్టి జాబులపై విక్టోరియా రాణియో, ఎడ్వర్డు చక్రవర్తియో, అయిదవ జార్జి చక్రవర్తియో చిన్న చదరములో కూర్చుండి మనవైపు చూడక ప్రక్కకు చూచుచుండును. ఆ చదరమే తపాలా బిళ్ల.

అట్టి పాత బిళ్లలకు నేడు అంగడి యున్నది. అంగడి యున్నచోట దొంగ సరకును ఉండును. ఇంటనున్న అసలు బిళ్లను విలువ తెలియక కత్తిరించి పాడుచేయువారును, విలువ గలదని నమ్మి నకిలీని వేల రూపాయలు పోసి కొనువారును మనలోనే కలరు. కావున అసలు బిళ్లకును నకిలీకిని గల భేదమును పెద్దలు ఎట్లు కనుగొనిరో, ఆ చరిత్రను ఈ ప్రసంగమున మేము వివరింపదలచితిమి.

నకిలీలు ప్రధానముగా మూడు తెగలు. మొదటిది తపాలా శాఖను మోసగించుటకై చేసినది. బిళ్ల వాడుకలోనున్న కాలముననే దొంగచాటుగా అచ్చువేసి ఉత్తరములకు అంటించి, సర్కారు రాబడికి గండికొట్టుట దాని ప్రయోజనము. రెండవది బిళ్లలను సేకరించువారిని మోసగించుటకై చేసినది. ఇది బిళ్ల వాడుక పోయిన పిమ్మట, దానికి అరుదుతనము వచ్చిన పిమ్మట పుట్టును. మూడవది తక్కిన రెంటికంటెను ప్రమాదకరమైనది. ఇందు బిళ్ల అసలుదే. కాని దాని అంచునో, రంగునో, దానిపైనున్న ముద్రనో మార్చి, చౌక బిళ్లకు అరుదైన బిళ్ల వేషము వేయుదురు. 1895లో భారత శిక్షాస్మృతికి 263-ఏ అను సెక్షను చేర్చి, బూటకపు తపాలా బిళ్లలను చేయుటయు, తెలిసి అమ్ముటయు నేరములని శాసించిరి. ఆ స్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయందును ఈ నిషేధము కొనసాగుచున్నది.

నకిలీని పట్టుకొనుటకు మొదట కావలసినది భూతద్దము కాదు. అసలు బిళ్ల ఎట్లు తయారైనదో తెలిసిన జ్ఞానము. కపటి బొమ్మను చూచి బొమ్మను గీయును. ఆ బొమ్మ వెనుక ఒక యంత్రము, ఒక కాగితము, ఒక కార్యాలయపు నియమము కలవు. వానిని అతడు చూడడు. అచటనే అతడు దొరకిపోవును.

దీనికి లండను నగరమున జరిగిన యొక వృత్తాంతము మంచి నిదర్శనము. 1872 ప్రాంతమున లండను స్టాకు ఎక్స్‌ఛేంజి తపాలా కార్యాలయమున ఒక షిల్లింగు విలువగల ఆకుపచ్చని బిళ్లలను తంతి వార్తల రుసుమునకై వాడుచుండిరి. ఆ కార్యాలయముననే ఎవరో నకిలీ బిళ్లలను అమ్మి, సొమ్ము జేబులో వేసికొనిరి. ఆనాడు ఎవరును గుర్తింపలేదు. సుమారు పాతికేండ్లు గడచిన పిమ్మట, 1898లో, చార్లెసు నిస్సెను అను బిళ్లల నిపుణుడు ఆ పాత తంతి పత్రములనుండి వచ్చిన బిళ్లలను పరీక్షించి గుట్టు రట్టుచేసెను. కాగితమున ఉండవలసిన నీటి ముద్ర లేదు. అంతకంటె విచిత్రమైనది మూలలలోని అక్షరముల సంగతి. ఆ కాలపు ఇంగ్లీషు బిళ్లల మూలలలో చిన్న అక్షరములుండును. ఒక తావులో 240 బిళ్లలు, అనగా వరుసకు పండ్రెండు చొప్పున ఇరువది వరుసలు. ఒక అక్షరము వరుసను తెలుపును, మఱియొకటి ఆ వరుసలోని స్థానమును తెలుపును. స్థానములు పండ్రెండే కనుక ఆ అక్షరము ఇంగ్లీషు అక్షరమాలలో పండ్రెండవదానిని దాటరాదు. కపటికి ఈ నియమము తెలియదు. తోచిన అక్షరములను చెక్కెను. అసలు తావులో ఎచటను ఉండుటకు వీలులేని బిళ్లలు ఆ విధముగా పుట్టినవి. దొంగ ఎవరో నేటివఱకు తేలలేదు. దొంగతనము మాత్రము తేలినది.

ఇక మన దేశపు సంగతి. ఆసియాఖండమున మొట్టమొదటి తపాలా బిళ్లలు 1852 జూలై 1వ తేదీన సింధు ప్రాంతమున వెలువడినవి. ఆ ప్రాంతపు కమిషనరు బార్టిల్ ఫ్రియరు వానిని ప్రవేశపెట్టెను. వీనికి సింధు డాకు బిళ్లలని పేరు. విలువ అర్ధణా. మొదట ఎఱ్ఱని లక్కబిళ్లపై ముద్రను ఒత్తిరి. అవి పెళుసై పగిలిపోవుచుండుటచే తెల్లని కాగితముపై రంగు లేకుండ ఉబ్బెత్తుగా ఒత్తిరి. పిమ్మట నీలిరంగునను వేసిరి. ముద్రలో హృదయాకారమున ఈస్టిండియా కంపెనీ వర్తక చిహ్నము కలదు. నకిలీలలో పెక్కింటికి మొదటి లోపము ఇదియే: అవి చదునుగా అచ్చువేయబడినవి. అసలు ముద్రయందు కాగితమే లేచి అక్షరమైనది. దీపమును ప్రక్కనుండి చూపినచో మిట్టల నీడ పడవలెను. నీడ పడనిచో సందేహింపవలెను.

1854 అక్టోబరు 1వ తేదీనుండి దేశమంతటను ఒకే విధమైన తపాలా రుసుము, ఒకే విధమైన బిళ్లలు అమలులోనికి వచ్చినవి. పావు తులము తూగు ఉత్తరమునకు, అది ఎంత దూరము పోయినను, అర్ధణాయే రుసుము. ఈ బిళ్లలను కలకత్తాలోని సర్వే కార్యాలయమున కెప్టెను త్యూలియరు పర్యవేక్షణలో రాతి అచ్చున తీసిరి. మొట్టమొదట అర్ధణా బిళ్లను ఎఱ్ఱరంగున వేయదలచిరి. ఇంగ్లండునుండి వచ్చిన ఇంగిలీకము అయిపోయెను. దేశీయమైన ఇంగిలీకము అచ్చురాతిని పాడుచేసెను. అందుచే ఆ ప్రయత్నమును మాని, కొత్త అచ్చు కట్టి, నీలిరంగున వేసి అమ్మకమునకు పంపిరి. ఎఱ్ఱ బిళ్ల ప్రజల అమ్మకమునకు రానేలేదు కనుక సేకరణకర్తలకు దానిపై మోజు హెచ్చు, కపటులకును హెచ్చే. పరీక్ష సులభము. ఎఱ్ఱ బిళ్ల ప్రక్క అంచులలోని చిన్న తోరణములను లెక్కింపుడు. అవి తొమ్మిదిన్నర. వాడుకకు వచ్చిన నీలి బిళ్లలో ఎనిమిది. ఎవరైనను ఎనిమిది తోరణముల బిళ్లను ఎఱ్ఱగా చూపి, ఇది ఆ తొలి బిళ్ల యన్నచో కాదని చెప్పవచ్చును.

ఆ యేడే వచ్చిన నాలుగణాల బిళ్ల రెండు రంగులది. చట్రము ఎఱుపు, రాణి తల నీలము. ఒక్కొక్క తావును రెండుసార్లు అచ్చువేయవలెను. రెండవసారి తావును త్రిప్పి పెట్టుటచే కొన్నిటిలో రాణి తల క్రిందులైనది. ఈ తలక్రిందుల బిళ్లలు ప్రపంచమున నేడు తెలిసినంతవఱకు ముప్పదికి లోపే. అంతటి అరుదైన వస్తువునకు నకిలీలు లేకుండునా? కొందఱు మామూలు బిళ్లలోని తలను గీకివేసి తలక్రిందులుగా మఱల వేసిరి. కొందఱు అంతయు కొత్తగా గీసిరి. కాని రాతి అచ్చునకు ఒక స్వభావము కలదు. మూలచిత్రమును ఒక్కొక్కసారిగా రాతిమీదికి దించునప్పుడు ప్రతి దింపునందును చిన్న వెలితియో, విరిగిన గీతయో, చుక్కయో ఏర్పడును. తావులో ఏ స్థానపు బిళ్లకు ఏ మచ్చ కలదో పండితులు పట్టికలు వేసియున్నారు. 1897లో స్థాపితమైన భారత ఫిలాటెలిక్ సొసైటీ ఇట్టి పరిశోధనను క్రమబద్ధము గావించినది. అసలు బిళ్లయైనచో ఆ మచ్చలతో ఏదో యొక స్థానమున సరిపోవలెను. ఏ స్థానమునకును సరిపోని బిళ్ల ఇల్లులేని చుట్టము వంటిది.

కాగితమును మఱొక సాక్షి. 1854 నాటి తావులలో కంపెనీ వారి చిహ్నము నీటి ముద్రగా తావంతట పఱచుకొనియుండెను. అందుచే ఒక్క బిళ్లలో దాని తునక మాత్రమే కనబడును, ఒక్కొక్కప్పుడు అదియు కనబడదు. 1855నుండి లండనులోని డిలారూ కంపెనీ వారు బిళ్లలను అచ్చువేసి పంపుచుండిరి. 1865నుండి ప్రతి బిళ్ల వెనుకను ఏనుగు తల, 1880ల నుండి నక్షత్రము నీటి ముద్రగా వచ్చినవి. ఏనుగు తల ఉండవలసినచోట నక్షత్రమున్నచో, ఏమియు లేకున్నచో, ముందువైపు బొమ్మ ఎంత అందముగా నున్నను ప్రయోజనము లేదు.

బిళ్లల కపటమును వృత్తిగా చేసికొన్నవారు ఐరోపాఖండమున పెక్కురు కలరు. జర్మనీలోని హాంబర్గు నగరమున స్పైరో సోదరులు 1860, 1870 దశకములలో అనేక దేశముల బిళ్లలకు ప్రతిరూపములను తావులు తావులుగా అచ్చువేసి అమ్మిరి. జెనీవాలో ఫ్రాంస్వా ఫోర్నియే అనునతడు తన సరకును బహిరంగముగా ప్రతిరూపములని ప్రకటించియే అమ్మెను. ఆయన 1917లో మరణించిన పిమ్మట మిగిలిన సరకును జెనీవా సేకరణకర్తల సంఘమువారు కొని, నకలు అని ముద్రవేసి, పరీక్షకుల ఉపయోగార్థము ఆల్బములుగా కూర్చిరి. వీరందఱికంటె గడుసరి జాన్ ద స్పెరాతి. అతడు చౌకైన అసలు బిళ్లను తీసికొని, రసాయనములతో బొమ్మను మాత్రము కడిగివేసి, అదే కాగితముపై, అదే నీటి ముద్రతో, అవే అంచులతో అరుదైన బిళ్ల బొమ్మను అచ్చువేయుచుండెను. 1942లో ఫ్రెంచి సుంకపు అధికారులు పోర్చుగలునకు పోవుచున్న అతని కట్టను పట్టుకొని, ఇంతటి విలువగల వస్తువులను సుంకము లేక పంపుట నేరమనిరి. అవి తాను చేసిన నకళ్లేనని అతడు వాదింపవలసి వచ్చెను. నిపుణులో, అవి అసలువే యని చెప్పిరి. చివరకు 1952లో పారిసు న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించెను. కాగితము అసలుదైనంత మాత్రమున బిళ్ల అసలుది కాదని లోకమునకు బోధపఱచినది ఈ వ్యవహారమే.

తెలుగునాటికి వత్తము. హైదరాబాదు నిజాము రాజ్యము 1869నుండి తన సొంత తపాలా బిళ్లలను వెలువరించినది. 1950 వఱకు ఆ యేర్పాటు సాగినది. 1870లో వచ్చిన అర్ధణా, రెండణాల బిళ్లలు చూచుటకు మిక్కిలి నిరాడంబరములు. సన్నని గీతలు, వానినడుమ పారసీక లిపి, అంతే. అందుచే సేకరణకర్తలు వానిని స్కెలిటన్ బిళ్లలు, అనగా అస్థిపంజరపు బిళ్లలు అని పిలిచిరి. ఇంత సాదా బిళ్లను అనుకరించుట ఏమి కష్టమని తోచును. కాని అందొక చిత్రము కలదు. ఈ బిళ్లలను ఒకే అచ్చునుండి దింపలేదు. పలకమీద 240 బిళ్లలను ఒక్కొక్కటిగా చేతితో చెక్కిరి. అందుచే ఏ రెండును అచ్చముగా ఒకటి కావు. ఒకదానిలో అక్షరపు తోక పొడవు, ఒకదానిలో పొట్టి. ఒకదానిలో చుక్క ఎగువకు, ఒకదానిలో దిగువకు. కపటియో, ఒక నమూనాను చేసికొని దానినే మఱల మఱల అచ్చువేయును. కావున నాలుగైదు బిళ్లలను వరుసగా పెట్టి చూచినప్పుడు అన్నియు కవలపిల్లలవలె ఉన్నచో సందేహింపుడు. ఇతర బిళ్లల విషయమున తేడా దోషము. ఇచట తేడా లేకుండుటయే దోషము.

మఱొక గుర్తు స్పర్శకు అందును. లోతుగా చెక్కిన పలకనుండి దింపిన అచ్చులో సిరా కాగితముపై సన్నని మిట్టగా నిలుచును. వెలుతురును వాలుగా పడనిచ్చి భూతద్దముతో చూచినచో ఇది తెలియును. రాతి అచ్చున వేసిన నకిలీలో సిరా చదునుగా పఱచుకొనియుండును.

ఈ రెండు విలువల బిళ్లలను 1880లో తెల్లని కాగితముపై మఱల అచ్చువేసిరి. ఇవి దొంగ బిళ్లలు కావు. కాని మొదటి అచ్చును కావు. వీనిని మొదటివాని ధరకు అమ్ముట మోసమే. దీనిని అంచు రంధ్రములు పట్టియిచ్చును. రెండు సెంటీమీటర్ల పొడవున ఎన్ని రంధ్రములున్నవో లెక్కించుట బిళ్లల కొలత. మొదటి బిళ్లలకు ఆ కొలత పదకొండున్నర; పునర్ముద్రణకు పండ్రెండున్నర. ఒక్క కొలబద్దతో తేలిపోవు సంగతి యిది. అట్లే ప్రభుత్వపు ఉత్తరములకై సర్కారీ అను పదమును బిళ్లలపై పారసీక లిపిలో అదనముగా అచ్చువేయుచుండిరి. ఈ యొక్క పదమును అసలు బిళ్లలపైనను, పునర్ముద్రణలపైనను ఎఱుపునను నలుపునను వేసి ధర పెంచిన బిళ్లలు విరివిగా కలవు. బిళ్ల మంచిదే, పదము దొంగది.

నిజాము రాజ్యపు బిళ్లలలో పెక్కింటిపై విలువను తెలుగు లిపియందును వేసిరి. ఇచట తెలుగువారికి ఒక సౌకర్యము కలదు. దూరదేశమున కూర్చుండి మన లిపి నెఱుగని చెక్కువానికి అక్షరము వట్టి గీతల చిక్కు. తలకట్టు ఎచట మొదలగునో, సున్న ఎచట ముగియునో వానికి తెలియదు. మన బడిపిల్లవానికి తెలియును. పెద్ద నిపుణుని కడకు పోవుటకు ముందు ఆ అక్షరములను బిగ్గరగా చదివి చూచినను కొంత ప్రయోజనము కలదు.

ఇంతవఱకు బిళ్లల మాట. వానిపై పడిన తపాలా ముద్రలలోని కపటము చరిత్రకు ఇంకను హాని చేయును. 1855 ప్రాంతమున తపాలా కార్యాలయములకు సంఖ్యలను కేటాయించి, బిళ్లను రద్దుచేయు ముద్రలలో ఆ సంఖ్యలను చెక్కించిరి. బంగాళా విభాగమునకు ఇంగ్లీషు బి అక్షరము, విశాఖపట్టణము జిల్లాయు చేరియున్న మద్రాసు విభాగమునకు సి అక్షరము గుర్తు. ఆనాడు సింగపూరు, పినాంగులును కలకత్తా పాలనలోనే యుండెను. 1867 వఱకు అచట చెల్లినవి మన బిళ్లలే. బి 172 అను ముద్ర సింగపూరుది, బి 147 పినాంగుది. మన దేశమున వాడిన మామూలు బిళ్లకు కొద్ది విలువ. అదే బిళ్లపై బి 172 ఉన్నచో పెక్కు రెట్లు విలువ. కపటికి బిళ్లతో పనిలేదు. ఒక దొంగ ముద్రను చేయించుకొన్న చాలును. బొంబాయికి చెందిన జాల్ కూపరు ఈ ముద్రలను వర్గీకరించి వ్రాసిన గ్రంథములు ఇట్టి మోసములను పట్టుటకు నేటికిని ఉపకరించుచున్నవి.

ముద్రను పరీక్షించుటకు చరిత్రయే సాధనము. అసలు ముద్రయొక్క సిరా బిళ్లమీదినుండి కవరుమీదికి తెగకుండ సాగవలెను. తేదీ, ఊరు, రుసుము, ఉత్తరములోని మాట, ఈ నాలుగును ఒకదానితో నొకటి పొసగవలెను. మన పట్టణమును ఆనాటి ముద్రలలో ఇంగ్లీషువారు వైజాగపటాం అని వ్రాసికొనిరి. నేటి వర్ణక్రమముతో విక్టోరియా కాలపు ముద్ర కనబడినచో అది ఏ కాలపుదో వేఱుగ చెప్పనక్కఱలేదు. బర్మా దేశము 1937 ఏప్రిలు 1వ తేదీన ఇండియానుండి విడిపోయినది. అంతవఱకు రంగూను ఉత్తరములపై ఇండియా బిళ్లలే యుండును. ఆనాటినుండి ఇండియా బిళ్లలపైననే బర్మా అని అచ్చువేసి వాడిరి. 1936 నాటి రంగూను జాబుపై బర్మా అను అచ్చుగల బిళ్ల యున్నచో ఆ జాబు అబద్ధమాడుచున్నది.

ఇంతమాత్రపు ముద్ర దొంగదైనచో చరిత్రకేమి నష్టమని అడుగవచ్చును. ఏ యూరిలో ఏ యేట తపాలా కార్యాలయముండెనో, ఓడ ఏ మార్గమున పోయెనో, ఎవరు ఎచటికి వలసపోయిరో తెలుపు ఆధారములలో ఉత్తరములు ముఖ్యమైనవి. కూలికై సముద్రము దాటిన మన జిల్లావారి పేరు శాసనములలో ఉండదు. వారి జాడ మిగిలినది ఇట్టి కాగితములలోనే. అందొక దొంగ కాగితము చేరినచో అరుదైన బిళ్ల కొన్నవాని సొమ్ము పోవుటతో ఆగదు. లేని ప్రయాణమొకటి ఉన్నట్లు నమోదగును. ఆ వెనుక వచ్చు నిజమైన జాబును గూడ జనులు సందేహింతురు.

ఇండ్లలో పాత ఉత్తరములున్నవారికి మేము చెప్పదలచినవి కొన్ని మాటలు కలవు. బిళ్లను కవరునుండి కత్తిరింపకుడు, నీటిలో నానవేయకుడు. బిళ్ల, ముద్ర, కవరు, జాబు నాలుగును కలిసియున్నప్పుడే ఒకదానికొకటి సాక్ష్యము. బిళ్లను వ్రేళ్లతో కాక మొనలు మొండియైన పట్టుకారుతో తీయుడు. అంచు రంధ్రములు లేని బిళ్లయని ఎవరైన అమ్మజూపినచో చుట్టునున్న ఖాళీ వెడల్పును చూడుడు. రంధ్రములున్న బిళ్లను చుట్టును కత్తిరించి అట్లు చేయుట పాత మాయ. అతినీలలోహిత దీపము క్రింద పెట్టినప్పుడు కాగితము తెల్లగా మిలమిల మెరసినచో అది విక్టోరియా నాటి కాగితము కాకపోవచ్చును. అట్టి మెరుపు నిచ్చు రసాయనములను కాగితమున కలుపుట ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున వ్యాపించిన అలవాటు. ఆ దీపముననే కడిగివేసిన కలపు గీతల జాడయు కనబడును. ఇన్నిటికిని నిలిచిన పిమ్మట, పెద్ద ధర ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రము, నిపుణుల సంఘముయొక్క వ్రాతపూర్వకమైన నిర్ణయము లేక కొనకుడు, అమ్మకుడు.

పెక్కు ఇండ్లలోని బిళ్లలు అరుదైనవి కావు. అంగడిలో వానికి పెద్ద ధర పలుకదు. అయినను రంగూను రేవునుండి తండ్రి వ్రాసిన జాబునకు, దానిపై ఆనాడు పడిన నల్లని ముద్రకు వేఱొక విలువ కలదు. దానిని ఏ ఫోర్నియేయు అచ్చువేయలేడు. ఆ కట్టను చెదలు పట్టకుండ, తడి తగులకుండ దాచి, ఎవరు ఎవరికి ఎప్పుడు వ్రాసిరో వేఱొక కాగితముపై వ్రాసి జతచేయుట నేటి గృహస్థులు చేయదగిన పని.